ఫోను నంబరు ఒకటి, పేర్లు పదిహేడు

పదిహేడు మందికీ ఒకటే ఫోను నంబరు, కవల పిల్లలకైనా ఇన్ని పోలికలు ఉండవు, పైగా పదిహేడు దరఖాస్తులూ సత్తెనపల్లి వైపువే, ఒకే దస్తూరీ, తలకట్లన్నీ ఒకే వైపు వాలి, గాలికి వంగిన మిరప మొక్కల్లాగా, ఎవడో పెద్దమనిషి పక్కన టీ గ్లాసు పెట్టుకుని తీరిగ్గా మల్లేశ్వరి, హేమశ్రీ, శిల్ప, షమీమ్, శ్రీరమ్య అని తోచిన పేర్లన్నీ రాసుకుంటూ పోయాడు, ఫోను నంబర్లు కూడా తలా ఒకటి కల్పించడానికి వాడికి బద్ధకమేసింది, దొంగలకి బద్ధకం ఉండబట్టే కదా ఇరవై ఎనిమిదేళ్లుగా నా ఉద్యోగం నిలబడింది, బస్సు గుంటూరు దాటుతోంది, కండక్టరు వచ్చి సత్తెనపల్లి ఒకటేనా సార్ అన్నాడు, ఒకటే బాబూ, తోడుగా అనుమానం ఉంది గానీ దానికి టికెట్ అక్కర్లేదులే అన్నాను, అది ఆడమనిషైతే ఆధార్ కార్డు చూపించమనండి సార్, ఉచితమే అన్నాడు, నా జోకు మీద జోకు వేసేవాణ్ణి చూస్తే నాకు వెంటనే సందేహం, టికెట్ మీద తేదీ చూసుకున్నాను, సరిగ్గానే ఉంది, సరిగ్గా ఉన్నదంటే మరీ సందేహం, సందేహమే నా దేహం, అంకె ఉన్నచోట శంక ఉండాలి, నమోదు అంటేనే నమ్మొద్దు అన్నది మా సెక్షనులో చేరిన ప్రతివాడికీ నేను చెప్పే మొదటి పాఠం, చెప్పిన ప్రతిసారీ నవ్వేది కూడా నేనే.

నిన్న రిజిస్ట్రారు గారు పిలిచి, వీరాంజనేయులు గారూ, మన యూనివర్సిటీ గణాంకాలకి సూపరింటెండెంటు మీరు, ఈ ఎం.ఏ. తెలుగు సంగతేమిటి, ప్రవేశాల పట్టికలో ఇరవై ఆరు, మొన్న తలల లెక్క నాడు తరగతిలో కనబడ్డవి తొమ్మిది తలలు, మిగతావి మొండేలా అన్నారు, ఆయన జోకులు వేయరు, వేస్తే ఏదో ఒకటి మూతపడుతుంది, పదిహేను మంది లేని కోర్సు ఎత్తేయాలని ఈ ఏడాది కొత్త రూలు, మీరు బోగస్ అని ఒక్క ముక్క రాసివ్వండి, ఆ పదిహేడు పేర్లూ కొట్టేద్దాం, జూన్ నుంచి ఆ కోర్సే ఉండదు అన్నారు, చిత్తం అన్నాను, ఎం.ఏ. తెలుగు అంటే ఏం, ఏ తెలుగు అని వెక్కిరించిన మొదటివాణ్ణి నేనేగా, పైగా నాకూ అదే అనుమానం, హాజరుపట్టీ చూస్తే డిసెంబరు దాకా నిండు, జనవరి చివర్నుంచి ఎండు, మే నెల పరీక్షలకి మళ్లీ నిండు, ఇది చదువా చంద్రవంక వాగా, ఇవి ప్రవేశాలు కావు పరకాయ ప్రవేశాలు, ఎవరి పేర్లలోకో ఎవరో దూరి పరీక్షలు రాసి పోతున్నారు, తెలుగు శాఖ పెద్ద ఖుర్షిదా మేడం దగ్గరికి పోయి ఫైలు బల్ల మీద పెట్టి ఏమిటండీ ఇది అంటే, ఆవిడ కళ్లజోడు తీసి, నేను చెబితే శాఖని కాపాడుకోవడానికి చెబుతున్నానంటారు వీరాంజనేయులు గారూ, ఆ నంబరుకి మీరే చేయండి, మీరే వెళ్లి చూసి రండి, వెళ్లేటప్పుడు ఒక తువ్వాలు తీసుకెళ్లండి అన్నారు, తువ్వాలు దేనికి, ముఖం తుడుచుకోవడానికా దాచుకోవడానికా, ఇది సలహానా బెదిరింపా, పట్టుదలగా తువ్వాలు తెచ్చుకోలేదు.

పేరేచర్లలో బస్సు ఆగినప్పుడు ఆ నంబరు నొక్కాను, పట్టుకోబోయే దొంగకి నా గొంతు తెలియకూడదని కాస్త మార్చాను, నా గొంతు మారిస్తే మరీ పెద్దదవుతుంది, ముందు సీటులో ముసలాయన ఉలిక్కిపడ్డాడు, రెండో రింగుకే ఒక ఆడగొంతు, ఎవరండీ, ఎంతమంది కావాల అంది, పేరు అడగలేదు, ఊరు అడగలేదు, ఎంతమంది కావాల అంట, నా చెవులు నిక్కబొడుచుకున్నాయి, పదిహేడు అన్నాను, ఉన్నారు, సరిగ్గా పదిహేడు మందే ఉన్నారు నా దగ్గర, కాకపోతే ఈ వారం ఖాళీ లేరండీ, మంగళారం పంపుతా, ఆటో మీరే పెట్టుకోవాల అంది, అమ్మ తల్లీ, పెళ్లిళ్లకి కుర్చీలూ గుండిగలూ ఇచ్చినట్టు విద్యార్థుల్ని అద్దెకిస్తోంది, పైగా రవాణా మనమే పెట్టుకోవాలట, మీ పేరేంటమ్మా అంటే సుబ్బరావమ్మ అంది, దాపరికం కూడా లేదు, వల ఇంకాస్త విసిరాను, మరి మే నెలలో పరీక్షలుంటాయి, అప్పుడు కూడా పంపుతారా అన్నాను, అప్పుడు మాత్రం బెమ్మదేవుడొచ్చి అడిగినా పంపనండీ, ఆ పది రోజులూ మావాళ్లకి వేరే పనుంది అంది, ఉండదూ మరి, ఆ వేరే పనేమిటో ఈ ఫైలుకి తెలుసు, నాకు తెలుసు, మనుషుల్ని చూసుకుని మాట్లాడుకుంటానంటే రండి, సత్తెనపల్లి దాటినాక రెండో కాలవ వంతెన కాడ దిగండి, ఎర్రగా చేను కనపడుద్ది అంది, టికెట్ వంతెన దాకా పొడిగించుకున్నాను, దొంగసరుకు దాచిన చోటు దొంగే చెప్పడం నా సర్వీసులో ఇదే మొదలు, బోగస్ అన్న ముక్క అప్పుడే పెన్సిలుతో రాసి పెట్టుకున్నాను, బస్సు కుదుపుకి అందులో గ కాస్త వంకరపోయింది.

పత్తి తీసేసిన చేలల్లో ఎండు కట్టె నిలబడి ఉంది, ఆ పక్క కల్లంలో మిరపకాయలు ఆరబోశారు, కిటికీలోంచి ఘాటు వచ్చి ముక్కు పట్టుకుంది, ఇది మా అక్క కోటేశ్వరి చేతుల వాసన, దర్శి పక్కన మా ఊరు, అక్క నాకంటే మూడేళ్లు పెద్ద, నాకు బడి ఈడు వచ్చేదాకా నన్ను చంకనేసుకుని తిరిగింది, తనని బళ్లో ఆలస్యంగా నాతోపాటే వేశారు కాబట్టి ఇద్దరం ఒకే తరగతి, నాలుగు మైళ్లు నడిచి టౌను హైస్కూలుకి పోయేవాళ్లం, గొంతు పెద్దదని నన్ను క్లాసు లీడరు చేశారు, హాజరు పిలిచేది నేనే, పేరు పిలిస్తే గోడ మీద కాకి లేచిపోయేది, రాని వాళ్ల పేరు దగ్గర ఆబ్సెంట్ సార్ అని రాగం తీసేవాణ్ణి, ఆ రాగం విని మాస్టారే నవ్వేవారు, లెక్కల ఉద్యోగంలో నా బోణీ అదే, ఏడో తరగతిలో ఒక మాఘమాసం అక్క కోతలకి పోయింది, ఇంటికొస్తే కోటేశ్వరి కాదు కోతేశ్వరి అని ఏడిపించేవాణ్ణి, మంటపుట్టే చేతుల్ని మజ్జిగలో ముంచి కూర్చుని నవ్వేది, ఇప్పటికీ ఎవరన్నా ఎంతదాకా చదివావమ్మా అంటే మా తమ్ముడు నా పేరు పిలవటం మానేసిందాకా అంటుంది, ఇంటిల్లిపాదీ నవ్వుతాం, నేను గట్టిగా నవ్వుతాను, వంతెన వంతెన అని కండక్టరు అరుస్తున్నాడు, దిగాలి, ఇలాంటివన్నీ ఇప్పుడెందుకు గుర్తొస్తాయో, ఘాటు మహిమ, డ్యూటీలో ఉన్న మనిషికి కంట్లో నీళ్లు రాకూడదు.

చేను నిజంగానే ఎర్రగా ఉంది, గట్టు మీద నిలబడగానే ఏడు తుమ్ములు వచ్చాయి, ఎనిమిదోది సగంలో ఆగింది, తువ్వాలు సంగతి అప్పుడు అర్థమైంది, ఖుర్షిదా మేడం మీద ఒక అనుమానం తగ్గించుకున్నాను, సాళ్లలో వంగిన నడుములు, చీరల మీద మగవాళ్ల ఫుల్‌హ్యాండ్ చొక్కాలు, కళ్లు తప్ప ముఖమంతా గుడ్డ చుట్టుకుని, పోలికే తెలియదు, ఎవరి బదులు ఎవరు వచ్చినా ఇక్కడ బ్రహ్మకి కూడా తెలియదు, లెక్కపెట్టాను, పదహారు, ఒకటి తక్కువ, నా అనుమానానికి ప్రాణం లేచొచ్చింది, చెట్టు నీడన గోతాలు కుడుతున్న పెద్దామె లేచి, మీరేనా ఫోను చేసింది, ఎన్నెకరాలండీ అంది, ఎకరాలేమిటి, కాయ ఎన్నెకరాలు కోయాల, ఎన్నో కోత అంది, అప్పుడు గాని నా బుర్రకి తట్టలేదు, ఈమె ముఠా మేస్త్రీ, కోతకి కూలీలని కూడగట్టి తీసుకుపోయే మనిషి, నేను పొద్దుట నుంచీ గూడుపుఠాణీ అనుకుంటున్నది ఉత్త ముఠా, మిరప దేశంలో పుట్టి, మిరపకాయ బజ్జీ మీద పాతిక జోకులు చెప్పగలిగిన నాకు, ఎంతమంది కావాల అంటే ఏమిటో తెలియలేదు, అయినా అంత తేలిగ్గా వదులుతానా, కూలీలైతే మాత్రం విద్యార్థులవుతారా, నేను యూనివర్సిటీ నుంచమ్మా, ఈ పదిహేడు దరఖాస్తుల మీదా నీ నంబరెందుకుంది అన్నాను గొంతు పెంచి.

నడుములన్నీ ఒక్కసారి లేచాయి, సుబ్బరావమ్మ సూది గోతానికి గుచ్చి, యూనివర్సిటీ అని పొద్దున్నే చెప్పొచ్చుగా సారూ, మంచినీళ్లు కూడా ఇవ్వకపోతిని, మా ఇళ్లల్లో ఫోన్లు మగాళ్ల జేబుల్లో తిరుగుతుంటయ్యి, యూనివర్సిటీ నుంచి మెసేజీ వస్తే పేకాట కాడ ఆగిపోద్ది, నాకొస్తే పొద్దున్నే ఆటోలో అందరికీ చెప్తా, అందుకని నా నంబరు రాయమన్నా అంది, మరి రాత అంటే, ఒకామె ముఖం మీద గుడ్డ కిందికి లాగి, దస్తూరీ నాది సార్, మల్లేశ్వరిని, వీళ్లు రాస్తే కోడి గీరినట్టుంటుంది, మీరు తిప్పి పంపుతారని అందరివీ నేనే రాశాను అంది, దానికి పక్క సాలులోంచి కోడి నువ్వే తల్లీ, పొద్దున్నే లేపుతావు అని ఎవరో అంటే అందరూ నవ్వారు, నేను నవ్వలేదు, ఉచ్చులో ఉచ్చు ఉంటుంది, ఎం.ఏ. తెలుగు అయితే యడాగమం అంటే ఏంటో చెప్పు అన్నాను మల్లేశ్వరిని, ఆ పిల్ల నోరు తెరిచేలోపు సుబ్బరావమ్మే, అచ్చు మీద అచ్చొచ్చి సంధి కుదరనప్పుడు మజ్జన య్ వచ్చి కూకుంటదండీ, రోజూ ఆటోలో ఒకతి చదువుద్ది, మిగతావాళ్లు వింటారు, వద్దన్నా నా చెవిలో కూడా పడుద్ది అంది, రెండు అచ్చుల మధ్య య్, చేనుకీ చదువుకీ మధ్య సుబ్బరావమ్మ, అనుమానించడానికి నాకు చోటు తగ్గిపోతోంది, సార్, తలల లెక్క నిండు కోతల్లోనే ఎందుకు పెడతారు, అక్టోబర్లో పెడితే ఒక్క తల తగ్గదు కదా అంది మల్లేశ్వరి, మర్యాదగానే అడిగింది, ఫిబ్రవరి రెండో మంగళవారం అని పన్నెండేళ్ల కిందట సర్క్యులర్ రాసింది ఎవరు, నేను, ఎందుకు రాశాను, ఫిబ్రవరికి మా ఆఫీసులో పని తగ్గి తీరుబడి, పన్నెండేళ్లుగా నాకు తీరుబడి ఉన్న రోజు చూసుకుని తీరుబడి లేనివాళ్లని లెక్కపెడుతున్నాను.

ఇంక చేయగలిగింది ఒకటే, ఫైలు తెరిచి గట్టు మీద నిలబడి పిలిచాను, మల్లేశ్వరి, ఉన్నా సార్, శిల్ప, ఉన్నానండీ, హేమశ్రీ, ప్రెజెంట్ సార్ అని దూరపు సాలులోంచి ఎర్ర చెయ్యి ఒకటి లేచింది, షమీమ్, ఉన్నా సార్, పరీక్షల టైంటేబులు వచ్చిందా, క్రిస్టీనా, నా గొంతుకి కాలవ కట్ట మీద కొంగలు లేచాయి, ఒక్కొక్క పేరుకీ ఒక్కొక్క చెయ్యి, కాగితం మీద దయ్యాల్లా ఉన్నవి ఒక్కొక్కటే చేలోంచి మనుషులై లేస్తున్నాయి, పదహారు అయ్యాయి, చివర శ్రీరమ్య అన్నాను, పలకలేదు, మళ్లీ పిలిచాను, ఎవరూ పలకలేదు, నా పెన్సిలు అలవాటు కొద్దీ ఆ అని రాయడం మొదలుపెట్టింది, రాగం కూడా గొంతులోకి వచ్చింది, నలభై ఏళ్ల నాటి రాగం, ఆబ్సెంట్ అని రాయబాక సారూ అని సుబ్బరావమ్మ నా చేతికి అడ్డంగా తన చెయ్యి పెట్టింది, అది పురిటికి వాళ్లమ్మ కాడికి పోయింది, ఆడపిల్ల పుట్టి పన్నెండు రోజులు, పుస్తకాలు కూడా పట్టుకుపోయింది, పదిహేడని ఫోన్లో చెప్పింది దాన్ని కూడా కలుపుకునే, దాని సాలు నేను కోస్తాగా, మనిషి ఎక్కడుందో తెలిసినాక ఆబ్సెంట్ ఎందుకయిద్ది అంది.

పెన్సిలు ఆగిపోయింది, ఏడో తరగతి, మాఘమాసం, కోటేశ్వరి, ఆబ్సెంట్ సార్ అని రాగం తీశాను, ఆ రోజు మాస్టారు నవ్వలేదు, ఇదంతా నేను గుర్తుపెట్టుకోలేదు, రాగం ఒక్కటే గుర్తుపెట్టుకున్నాను, ఆయన ఎర్ర సిరా కలం మూత తీసి, పేరు మీద ఆనించి, నెల రోజులైందిరా, ఇవాళ కొట్టేయాలి, మీ అక్కేగా, ఎక్కడుందిరా, ఊళ్లో ఉందా అసలు అని అడిగారు, మంచి మనిషి, కారణం చెబితే ఆపుదామనే అడిగారు, ముందు బెంచీలో టౌను పిల్లలు, ఇస్త్రీ చొక్కాల వాళ్లు, నా వైపు తిరిగి చూస్తున్నారు, మా అక్క కూలికి మిరపకాయలు కోస్తోందని వాళ్ల ముందు ఎలా చెప్పను, తెలియదు సార్ అన్నాను, అంత గొంతున్నవాణ్ణి, మెల్లగా అన్నాను, ఎర్ర గీత పడింది, మర్నాటి నుంచి ఆ పేరు పిలవలేదు, బోగస్ అన్న ముక్క చెరిపేస్తున్నాను, గ వంకర కూడా పోయేదాకా, హాజరు పదహారు, పురిటింట్లో ఒకరు, మొత్తం పదిహేడు, అందరూ ఉన్నారు, నేను చూశాను అని సిరాతో రాస్తున్నాను, సార్ కళ్లు మండుతున్నట్టున్నయ్యి, కాసిని నీళ్లియ్యండే అని సుబ్బరావమ్మ అంటోంది, మండుతున్నవి కళ్లు కావు, తెలుసు మాస్టారూ, తూర్పు చేలో, మూడో సాలులో, మా నాన్న చొక్కా వేసుకుని, నాకు తెలుసు, మా అక్క ఎక్కడుందో ఆ రోజు నాకు తెలుసు.