తప్పైందని చెప్పమన్నారు

కామారెడ్డి కాలనీలను వరద ముంచిన ఏడాది అది. మా కోడలు సాయిలత చాట ముందు కూర్చుని బీడీ ఆకు కత్తిరిస్తోంది. చుట్టిన బీడీలు చూసి లెక్క తీసుకునే కార్ఖానా మున్షీ లింగం వాకిట్లోకి వచ్చి, ఆమె అక్కడ లేనట్టే నాతో మాట్లాడాడు.

"పర్శరాములన్నా, నీ కోడలు ఆడోళ్ల పొదుపు గ్రూపుల ఏం మాట్లాడిందో ఇన్నవా? మంచిగ లేవని నేను పక్కకు పడేసిన బీడీలు నేనే అమ్ముకుంటున్ననట! పరువు నష్టం కేసేస్త. ఎల్లుండిలోపు తప్పైందని అదే గ్రూపుల చెప్పాలె. లేకుంటే పని బంద్."

సంగతి తెలిసి కొడుకు దేవేందర్ దుబాయి నుంచి ఫోన్లో ఆమె మీద అరిచాడు. "నోరు లేస్తుందా నీకు? మా ఇజ్జత్ తీస్తవా? బాపూ, నువ్వే దగ్గరుండి చెప్పియ్యి."

నాకు మాట తక్కువ. మరునాడు ఆమెను ఎల్లారెడ్డి కోర్టుకు, వకీలు నిషాత్ మేడం దగ్గరికి తీసుకుపోయాను.

"మాట్లాడే హక్కున్నది. అబద్ధమాడి ఒకరి పరువు తీసే హక్కు లేదు," అన్నది మేడం. "నువ్వన్నది నిజమై, పదిమంది మంచి కోసమైతే తప్పు కాదు. చూసినోళ్లున్నరా?"

"నాతోటి చుట్టేటోళ్లందరు చూసిండ్రు." అన్నది సాయిలత. "మరి ఇంట్ల మాట్లాడనియ్యకుంటే, మేడం?"

"సర్కారు నీ నోరు మూస్తే ఆ హక్కు అడ్డం నిలవడతది. ఇంట్ల కొట్టినా తిట్టినా వేరే చట్టమున్నది. వట్టిగ సప్పుడు చెయ్యకు అంటే మాత్రం ఏ చట్టం..." మేడం కళ్లద్దాలు తీసి తుడుచుకుంది.

బస్సులో కిటికీ వైపు చూస్తూనే సాయిలత మొదలుపెట్టింది. "లేస్తే నీళ్లు, బువ్వ, బట్టలు. అవన్నీ అయినంక ఆకు. చుట్టంగ చుట్టంగ మెడ పడిపోతది. ఆయన ఫోన్ చేస్తే పైసలొచ్చినయా అంటడు, పిల్ల చదువుతుందా అంటడు. నువ్వెట్లున్నవ్ అనడు. మీరు చాయ్ అంటరు మామా, మల్ల మాటుండదు. ఇన్నేండ్లకు ఒక్కనాడు నోరు తెరిస్తే తప్పైందని చెప్పుమంటున్నరు. చెప్తే, రేపు నా పిల్లకు నేనేం నేర్పాలె?"



తెల్లవారి ఆమె బీడీ కట్టలు గంపకెత్తుకుంది. "లింగం మొకం మీదనే ఉన్నదున్నట్టు చెప్పొస్త. తోటోళ్లు గూడ వస్తున్నరు," అని వెళ్లిపోయింది.

కాసేపటికి దేవేందర్ ఫోన్. "అది ఏడికి పోయింది బాపూ?"

"మాట్లాడనీకి పోయింది," అన్నాను. అతడు అరుస్తుండగానే ఫోన్ పెట్టేసి, మనవరాలు బడికి పోయే వేళైందని గ్యాస్ వెలిగించి, బియ్యానికి ఎన్ని నీళ్లు పోయాలో ఆ పిల్లనే అడిగాను.