నాన్నకు చెప్పిన సీరియల్

వాగుడుకాయ వాళ్ళన్న ఎక్కడెక్కడో గాలించి ఆ పాత సీరియల్‌ను ఫోనులో పట్టుకొచ్చాడు. ముప్పై అయిదేళ్ళ కిందటిది. రైలు గేటు దగ్గర కాపలా ఉండే ఒకాయన, ఆయన కుటుంబం, గేటు పడినప్పుడు అక్కడ ఆగిపోయినవాళ్ళ కథలు. బొమ్మ నిండా చుక్కలే గాని, మొదట్లో వచ్చే సంగీతం మాత్రం అచ్చంగా అదే.

ఆదివారం మధ్యాహ్నం. అమ్మ పక్కగదిలో కునుకు తీస్తోంది. అన్న ఫోను పట్టుకున్నాడు. నాన్న దిండుకు ఆనుకుని కూర్చున్నాడు. వాగుడుకాయ ఆయన చెవి దగ్గర చేరి, కనిపించింది కనిపించినట్టు చెప్పడం మొదలుపెట్టింది. ఆమెకిప్పుడు నలభై నాలుగు. బస్టాండులో విచారణ కౌంటరు ఆమెదే. పొద్దస్తమానం మైకులో మాట్లాడి ఇంటికొచ్చినా నోరు నొప్పెట్టని మనిషి.

ఉన్నట్టుండి నాన్న చెయ్యెత్తాడు. "ఆగాగు. కుక్క ఏదే?"

"ఏ కుక్క నాన్నా?"

"గేటు పక్కన పడుకునేది. మూడు కాళ్ళది. రైలొస్తుంటే అందరికంటే ముందు అదే లేచేది."

అన్న చెల్లెలి వంక చూశాడు. అతను ఒక్క వారం కూడా వదలకుండా చూసిన సీరియల్ అది. అందులో కుక్క లేదు. వాగుడుకాయ నాలుక కరుచుకుంది.

"కుక్క లేదు నాన్నా. నేనే పెట్టాను."

నాన్న ఎత్తిన చెయ్యి దించాడు. "ముప్పై అయిదేళ్ళ నుంచి బతికున్న కుక్కని ఒక్క మాటతో చంపేశావు కదే," అన్నాడు. "అది లేకపోతే ఆ గేటు దగ్గర ఇంకేముంది? కట్టెయ్ రా ఆ ఫోను!"

అన్న నవ్వు ఆపుకోలేక మంచం కోడు పట్టుకున్నాడు.

ఆ కుక్క పుట్టేనాటికి వాగుడుకాయకు తొమ్మిదేళ్ళు. నాన్న దర్జీ. ముందు గది కొట్టు, వెనక గది ఇల్లు. ఆ వెనక గదిలో, ఊరు మారిపోతున్న ఒక లెక్చరరు దగ్గర కొన్న బ్లాక్ అండ్ వైట్ టీవీ ఉండేది. దానికి చెక్క తలుపులు, ఆ తలుపులకు చిన్న తాళం. ఆదివారం సాయంత్రం అయిదున్నరకు అన్న మేడెక్కి యాంటెనా తిప్పేవాడు. "వచ్చిందా?" అని పైనుంచి అరుపు. "రాలేదు!" అని కిందినుంచి. "ఇప్పుడు?" "ఇందాకే బాగుంది, పాడుచేశావు!" ఈ సంవాదం పక్కింటివాళ్ళకు కూడా కంఠతా వచ్చు.

సీరియల్‌కు ముందు పావుగంట మాటల్లేని హాస్యం ఒకటి వేసేవాళ్ళు. నిచ్చెన మోసుకుంటూ తిరిగే రంగులవాడు, వాడి అవస్థలు. అన్న పొట్ట పట్టుకుని నవ్వేవాడు. అమ్మ ఒళ్ళో చొక్కా పెట్టుకుని కాజాలు కుడుతూనే ముసిముసిగా నవ్వేది. నాన్న కూడా నవ్వేవాడు. కాకపోతే అందరూ నవ్వాక నవ్వేవాడు.

ఆయన మోకాలికి ఆనుకుని కూర్చునే పిల్లకు ఒక వారం అది తట్టింది. ఆ మోకాలు ఎప్పుడూ ఆలస్యంగా కదులుతోంది. ఎందుకో తనకే తెలియకుండా ఒక అబద్ధం ఆడింది.

"నాన్నా, ఆ గొడుగు చూడు, ఎంత పెద్దదో!"

టీవీలో గొడుగు లేదు.

"అవునే, చాలా పెద్దది," అన్నాడు నాన్న.

ఆ పిల్ల టీవీ వదిలేసి నాన్న మొహం వంక చూసింది.

మర్నాడు బడి నుంచి రాగానే కొట్లోకి వెళ్ళింది. నాన్న సూది, దారం అందించాడు. "కాస్త ఎక్కించవే తల్లీ. నా వేళ్ళు లావెక్కిపోయాయి."

దారం ఎక్కించి ఇస్తూ అడిగేసింది. "నాన్నా, నీకు కనిపించట్లేదు కదా?"

ఆయన గుమ్మం వైపు తల తిప్పాడు, అమ్మ అడుగుల చప్పుడు వినిపిస్తుందేమోనని. తర్వాత గొంతు తగ్గించాడు. "మధ్యలో మబ్బు పట్టినట్టుంటుంది. పక్కలు కనిపిస్తాయి. నీ మొహం చూడాలంటే నీ చెవి వైపు చూడాలి. అమ్మకి చెప్పకు. దర్జీకి చూపు పోయిందంటే గుడ్డ ఎవరిస్తారే?"

తల మీద ఒట్టు వేయించుకోలేదు. ఆ పిల్లే వేసింది.

అప్పటినుంచి ఆదివారాలు మారిపోయాయి. టీవీ తలుపులు తెరిచింది మొదలు వాగుడుకాయ నోరు మూతపడేది కాదు. "గేటాయన కంచె పట్టుకుని నిలబడ్డాడు. చుట్ట వెలిగించాడు. లారీవాడు దిగాడు, వాడికి ఇంత మీసం." అన్న దిండు విసిరేవాడు. "మాకూ కళ్ళున్నాయే! నోరు మూసుకుని చూడు!" అమ్మ కూడా కసిరేది. నాన్న మాత్రం, "వాగనివ్వండి, దానికి అలా చూస్తేనే తృప్తి," అనేవాడు. వాగుడుకాయ అన్న పేరు స్థిరపడిపోయింది అప్పుడే. పిల్ల దాన్ని నోరెత్తకుండా మోసింది.

చెప్పగా చెప్పగా సొంత సరుకు కలిసింది. గేటాయన భార్య చీర నీలం రంగని చెప్పింది ఒకసారి. "బ్లాక్ అండ్ వైట్ టీవీలో నీకు నీలం ఎక్కడ దొరికిందే?" అని నాన్న చెవిలో అడిగాడు గాని, వద్దనలేదు. ఒక వారం కథ మరీ చప్పగా ఉంటే, జాలేసి మూడు కాళ్ళ కుక్కను తెచ్చి గేటు పక్కన పడుకోబెట్టింది. ఇంకో వారం గేటాయన భార్య చచ్చిపోయింది. ఆ మాట నాన్నకు చెప్పడానికి ఆ పిల్లకు నోరు రాలేదు. "ఊరెళ్ళింది," అంది.

"మరి వీళ్ళెందుకు ఏడుస్తున్నారు?"

"ఉల్లిపాయలు తరుగుతున్నారు."

"అందరూనా?"

"అందరూనే."

నాన్న ఆ పిల్ల తల మీద చెయ్యి వేసి అలాగే ఉంచాడు.

నాలుగు నెలలు గడిచాయి. ఒకరోజు మధ్యాహ్నం కొట్లోంచి కేక వినిపించింది. మిషను సూది నాన్న చూపుడు వేలి గోట్లోంచి దిగిపోయింది. అమ్మ పరుగున వచ్చి చక్రం వెనక్కి తిప్పి, సూది పైకి లేపి, వేలికి గుడ్డ చుడుతూ తిట్టింది. "పాతికేళ్ళుగా తొక్కుతున్న మిషనేగా, కళ్ళెక్కడ పెట్టుకున్నారు?"

రక్తం చూసి పిల్ల తట్టుకోలేకపోయింది. "నాన్నకి కళ్ళు కనిపించవు!" అని బావురుమంది.

కొలతలివ్వడానికి వచ్చిన మాస్టారు గుడ్డ చంకలో పెట్టుకుని, మళ్ళీ వస్తానని గొణిగి జారుకున్నాడు.

అమ్మ ఆ రోజు అన్నం ముట్టలేదు. ఆమె కోపం జబ్బు మీద కాదు. "తొమ్మిదేళ్ళ పిల్ల నెత్తిన పెట్టారు ఇంత బరువు. కట్టుకున్నదాన్ని, పక్కనే కూర్చుని కాజాలు కుడుతున్నాను, నేను గుర్తు రాలేదా? ఆ పిల్లని ఎన్ని తిట్లు తిట్టాను, ఒక్కసారైనా ఆపారా?"

కంటి డాక్టరు పరీక్ష చేసి, కంటి వెనక పొర మధ్యలో అరిగిపోయిందని, పోయిన చూపు మళ్ళీ రాదని, అంచుల చూపు మాత్రం నిలుస్తుందని చెప్పింది. వారం తిరగకుండా అమ్మ కత్తెర పట్టింది. నాన్న గుడ్డను వేళ్ళతో తడిమి చూసి చెప్పేవాడు, ఆమె గీత గీసి కత్తిరించేది. మొదటి చొక్కా మెడ చూస్తే మెడ ఉన్నవాడెవడూ తొడుక్కోడు. మూడోది పరవాలేదనిపించింది. గుడ్డలు తెచ్చేవాళ్ళు కొందరు తగ్గారు, కొందరు మిగిలారు.

నాన్న వాగుడుకాయను తిట్టలేదు. కట్టు మార్చేటప్పుడు ఒక్క మాటన్నాడు, అదీ మెల్లగా. "నీ నోట్లో నువ్వుగింజ నానదు కదే."

ఆ పిల్ల నోరు ఆ రోజుతో పడిపోయింది. బడిలో పాఠం అప్పజెప్పమన్నా గొంతు పెగిలేది కాదు. ఆదివారం వచ్చేసరికి నాన్న కుర్చీ తీసుకుని వీధి గుమ్మంలోకి వెళ్ళిపోయేవాడు. అమ్మ కొట్లో గుడ్డ పరుచుకుని ఉండేది. అన్నాచెల్లెళ్ళిద్దరే టీవీ ముందు మిగిలారు. ఎప్పుడెప్పుడు నోరు మూస్తుందా అని చూసిన అన్నకు, తీరా మూశాక ఇల్లు ఇల్లులా అనిపించలేదు. రెండు వారాలు ఓర్చుకున్నాడు. మూడో వారం లేచి టీవీ గొంతు పెంచి, వీధిలోకి వినపడేలా తనే మొదలుపెట్టాడు.

"ఒకడొచ్చాడు. నిలబడ్డాడు. రైలొచ్చింది. వెళ్ళిపోయాడు."

గుమ్మంలో కుర్చీ కిర్రుమంది.

"ఇంకొకడొచ్చాడు. వీడి దగ్గర పెట్టె ఉంది. పెట్టె అంటే... పెట్టె. దింపాడు. మళ్ళీ ఎత్తాడు."

వాగుడుకాయ పెదాలు కొరుక్కుంటోంది.

"ఎవడ్రా వాడు?" వీధిలోంచి గొంతు. "ఎక్కణ్ణుంచి వచ్చాడు? ముసలాడా, కుర్రాడా?"

"మనిషి నాన్నా."

"మనిషని నాకూ తెలుసురా! పెట్టెలో ఏముంది?"

"మూత వేసుంది."

కుర్చీ ఈడ్చిన చప్పుడైంది. నాన్న గోడ తడుముకుంటూ లోపలికి వచ్చాడు. "నువ్వు జరుగు. నీకంటే ఆకాశవాణిలో వాతావరణం చెప్పేవాడు నయం. ఏదీ, ఎక్కడుందది?"

ఆ పిల్ల కదల్లేదు. నాన్న ఆమె చెవి వైపు చూశాడు, అంటే మొహం చూస్తున్నాడన్నమాట. నేల మీద ఆమె పక్కనే చతికిలబడ్డాడు.

"తప్పు నాదేనే," అన్నాడు. "నువ్వు చెప్పకపోయుంటే వేలు కాదు, చెయ్యే పోయేది. నిన్ననాల్సిన మాట కాదది. ఊఁ, ఇప్పుడు చెప్పు. పెట్టెలో ఏముంది?"

ఆ పిల్ల ముక్కు ఎగబీల్చింది. గొంతు మొదట్లో కీచుమంది.

"ఇంకా తెరవలేదు నాన్నా. ముసలాయనే. గడ్డం మాసింది. చెప్పులు చేత్తో పట్టుకున్నాడు. పెట్టె మీద చెయ్యి తియ్యట్లేదు, ఎవరో లాక్కుంటారన్నట్టు."

"అలా చెప్పు!" అన్నాడు నాన్న, కొడుకు వైపు తిరిగి. "విన్నావురా?"

కొట్లోంచి అమ్మ గొంతు వినిపించింది. కత్తెర ఆగలేదు.

"కాస్త గట్టిగా చెప్పవే. నేను తలెత్తితే గీత తప్పుతుంది. చెప్పులు చేత్తో పట్టుకున్నాడు, తర్వాత?"