బీడీ కాలేంతసేపు

చైతన్యపురిలో హాస్టల్ గేటు ముందు నీళ్లు చల్లి చీపురు అందుకున్నాడో లేదో, మహిపాల్ జీపు వచ్చి ఆగింది. లింగస్వామి చీపురును గోడకు ఆనించి, తువ్వాల దులిపి భుజాన వేసుకున్నాడు. వేటకు పిలుపే వచ్చిందనుకున్నాడు పాపం.

దేవరకొండ దగ్గర మహిపాల్‌కు పల్లీచేను ఉంది. అడవిపందులు దాన్ని కుళ్లగిస్తుంటే సర్పంచ్ అనుమతితో తుపాకీ పట్టుకుని పోతాడు. ఏడేళ్లుగా ముందు నడిచేది మాత్రం లింగస్వామే. అడుగుజాడ చూసి పంది ఎంత బరువుందో, ఎంతసేపటి కింద పోయిందో చెప్పేస్తాడు. ఏటా ఆ నాలుగు రోజులే ఆయన మనిషిలా బతికేది. మిగతా ఏడాదంతా గేటు తీయడం, గేటు వేయడం.

"లింగన్నా, ఈసారి నువ్వొద్దులే. మోకాళ్లు నొస్తున్నయంటివి, ఎందుకు పరేషాన్? వేడిని పట్టే కెమెరా కొన్న. పొదల ఏమున్నదో ఫోన్లనే కనబడ్తది."

"మంచిగైంది పటేలా."

చెప్పాల్సిన మాట ఒకటుంది. తూటా తగిలిన పంది వెంట వెంటనే పోకూడదు. అది చుట్టు తిరిగొచ్చి, తన జాడ పక్కనే పొంచి ఉంటుంది. నెత్తురు కారి నీరసపడేదాకా ఆగాలి. అందుకే లింగస్వామి ప్రతిసారీ మహిపాల్‌ను కూర్చోబెట్టి తాపీగా బీడీ వెలిగించేవాడు. "నీ బీడీ పాడుగాను, పంది పోతున్నది!" అని మహిపాల్ గింజుకునేవాడు. లింగస్వామి నవ్వేవాడే కానీ కారణం ఏనాడూ చెప్పలేదు. చెప్పేస్తే ఇక తనతో పనేముంది?

ఇవాళా చెప్పలేదు. ‘ఒక్కసారి ఉత్తచేతులతోని రానీ, అప్పుడు తెలుస్తది లింగస్వామి అంటే ఏందో’ అనుకున్నాడు. జీపు ఎల్బీనగర్ వైపు వెళ్లిపోయింది.

ఇక మనసు మనసులో లేదు. రెండుసార్లు ఫోన్ తీసి, రోషం అడ్డొచ్చి, మళ్లీ జేబులో వేసుకున్నాడు. మధ్యాహ్నం అన్నం సగంలో వదిలేసి ఫోన్ చేస్తే ఎవరూ ఎత్తలేదు.

సాయంత్రానికి కబురొచ్చింది. లింగస్వామి పోయేసరికి సరూర్‌నగర్‌లో మహిపాల్ ఇంటిముందు జనం. గాయపడ్డ పంది మహిపాల్ తొడ చీల్చిందట. దవాఖాన చేరకముందే ప్రాణం పోయిందట.

మహిపాల్ భార్య అరుణమ్మ లింగస్వామిని చూసి బిత్తరపోయింది. "నువ్వు ఎంబడి పోలేదా లింగన్నా? నువ్వున్నవనే ధైర్యంతోని ఉంటిని గదా!"

"ఒక్క మాట చెప్పకపోతినమ్మా... నోటికాడికొచ్చిన మాట, మింగితిని," అని ఆయన అరుగు మీదే కూలబడ్డాడు. ఏ మాటో ఆమె అడగలేదు.

ఎవరో జీపులోని సామాను తెచ్చి అరుగు మీద పెట్టారు. అందులో అరుణమ్మ పొద్దున కట్టిచ్చిన సద్దిడబ్బా ఉంది. పై గిన్నె ఖాళీ. కింది గిన్నెలో, ఎప్పటిలాగే లింగస్వామి కోసం కట్టిన రెండు జొన్నరొట్టెలు అంచులు ఎండిపోయి అట్లాగే ఉన్నాయి.