గుమ్మం పక్క బూట్లు

ముసలాయన పేరు సస్సోన్. అంటే ఆనందమని అర్థం. చిన్నకొడుకు యుద్ధంలో పోయాక ఆ ముసలాయన నవ్వింది లేదు. పోయినవాడి పేరు హయీమ్. అంటే జీవితం. వాడి బూట్లు ఇంకా గుమ్మం పక్కనే ఉన్నాయి. శుక్రవారం శుక్రవారం వాటికి ఆయనే పాలిష్ పెడతాడు. ఇంట్లోకి ఎవరొచ్చినా వాటిని దాటే రావాలి.

పెద్దకొడుకు జెకర్యాకు మగబిడ్డ పుట్టాడు. యూదుల ఆచారం ప్రకారం ఎనిమిదో రోజు సున్నతి. అందాకా పేరు పైకి అనరు. ఆ పూట తండ్రి చెబితే, సున్నతి చేసే పెద్దాయన అందరి ముందూ చదువుతాడు. చదివాక ఇక మారదు.

"ద్రోర్ అనే కదా?" పాలిస్తూ మళ్ళీ అడిగింది జెకర్యా భార్య గెవూలా. ద్రోర్ అంటే స్వేచ్ఛ.

"అంతేనే."

"నీకు మీ అమ్మ వాళ్ళ నాన్న పేరు పెట్టారు. ఆయన పేరని ఆవిడ నిన్ను ఒక్క దెబ్బ వెయ్యలేదు. ఆయన గొర్రెల్ని కాయాలని నిన్ను కొండ దిగనివ్వలేదు. నా బిడ్డకు ఆ బూట్లు తొడగొద్దయ్యా."

"అంతేనే అన్నాగా."

ఎనిమిదో రోజు వచ్చింది. ముసలాయన ఒడిలో దిండు, దిండు మీద బిడ్డ. ఆడవాళ్ళు తెర వెనక నిలబడ్డారు.

"ఏరా జెకర్యా, కోసేది నీకన్నట్టు చెమట పట్టిందే," అన్నాడు మేనమామ. నలుగురూ నవ్వారు.

"పేరు?" అన్నాడు సున్నతి చేసే పెద్దాయన.

జెకర్యా నోరు తెరిచాడు. ముసలాయన తలెత్తి చూశాడు, అంతే. బిడ్డ కాళ్ళు పట్టుకున్న ఆ వేళ్ళ గోళ్ళ అంచున నల్లగా పాలిష్ ఉంది. ఇవాళ శుక్రవారం కాదు.

"హయీమ్," అన్నాడు జెకర్యా.

ముసలాయన నవ్వాడు. గ్లాసుల్లో అరక్ సారా పోసుకున్నారు.

జెకర్యా తెర వెనక్కి వెళితే గెవూలా ఇటు తిరగలేదు.

"నాన్న నవ్వాడే," అన్నాడు.

"చూశాను. ఇక వీడు ఏడవాలన్నా ఆయన ముఖం చూసి ఏడవాలి."

ముసలాయన బూట్లు తెచ్చి ఉయ్యాల కింద జత కలిపి పెట్టాడు. "గుమ్మంలో ఇంకెందుకమ్మా," అన్నాడు కోడలితో. ఆమె కాళ్ళు వెనక్కి తీసుకుంది.

జెకర్యా వాకిట్లోకి నడిచాడు. గుమ్మం పక్క ఖాళీగా ఉంది. అయినా కాలెత్తి, దాటే వెళ్ళాడు.