ఇసుకలో పాతిన ఇళ్లు

కేప్‌టౌన్ శివార్లలోని న్యాంగా పొదల్లో ఆడవాళ్లకు పొద్దున లేవగానే మొదటి పని ఇల్లు పీకేయడం. కొమ్మలు విడదీసి పొయ్యికట్టెల్లా పడేయాలి. పైన కప్పిన ప్లాస్టిక్ పట్టాలు మడిచి ఇసుకలో వరసగా పాతెయ్యాలి. పోలీసు వ్యాన్లు వచ్చేసరికి ఏమీ ఎరగనట్టు కెటిల్ చుట్టూ కూర్చోవాలి. చట్టం అంత దయగలది మరి! నల్లవాడు కేప్‌టౌన్‌లో తెల్లవాళ్ల బరువులు మోయొచ్చు, పెళ్లాం మాత్రం పక్కన ఉండకూడదు. దొరికితే రైలెక్కించి, నల్లవాళ్ల కోసమని ఎక్కడో దూరాన గిరిగీసిన ట్రాన్‌స్కైకి తోలేస్తారు. నొక్వండా అక్కడ తిండిలేక పెద్దపిల్లను పోగొట్టుకుని, చంటిదాన్ని చంకనేసుకుని మొగుడున్న ఊరికి వచ్చింది.

ఆ రోజు వ్యాన్లు వచ్చాయి గానీ పోలేదు. వాన మొదలైంది. సార్జెంటు వ్యానులో కూర్చుని కాఫీ తాగుతూ చూస్తున్నాడు. వీళ్లు తడవలేక ఎప్పుడు తవ్వుతారా అని వాడి ఎదురుచూపు. ఒక్కరు తవ్వితే వరసంతా బయటపడుతుంది. అందుకే వ్యాన్లుండగా ఎవరూ తవ్వకూడదని కట్టుబాటు. అది పెట్టింది ముసలి మాభేలే. మొన్న ఓ పిల్ల తొందరపడి ఇసుక కదిపితే చెంప పగలగొట్టింది కూడా.

చంటిది థోబెకాకు ఒళ్లు కాలిపోతోంది. దుప్పటి తడిసి ముద్దయింది. దగ్గే ఓపిక కూడా లేక డొక్కలెగరేస్తోంది. నొక్వండా వ్యాను దగ్గరికి పరుగెత్తింది.

"అయ్యా, పిల్ల చచ్చిపోతుంది. మీరు వెళ్లిపోండయ్యా."

"మీ ఊరు పోవే. అక్కడ వానల్లేవుట," అన్నాడు సార్జెంటు.

తిరిగొచ్చి మోకాళ్ల మీద కూలబడి ఇసుకలో చెయ్యి పెట్టింది. మాభేలే ఆ చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"కొట్టు అత్తా, చంపెయ్. ఇక నావల్ల కాదు."

"నోర్ముయ్యవే. నువ్వు తవ్వితే నిన్నెక్కిస్తారు వ్యాను. దానికి పాలెవరిస్తారు, నీ మొగుడా? జరుగు."

ఆ ముసలిదే తవ్వింది. పట్టా లాగి పిల్లమీద కప్పింది.

సార్జెంటు కాఫీ పారబోసి దిగాడు. పారలతో వరసంతా తవ్వించాడు. అన్ని పట్టాలూ వ్యానెక్కాయి. పిల్లమీద కప్పింది కూడా లాక్కున్నారు. మాభేలేను రెక్క పట్టుకుని ఈడ్చుకెళ్లారు. నొక్వండాకు ఎవరి మొహమూ చూసే ధైర్యం లేకపోయింది. అందరి గూడూ తన బిడ్డ మూలంగా పోయింది, ఆ బిడ్డా తడుస్తూనే ఉంది. నేల చీలితే దూరిపోదామనిపించింది.

"గుడ్లప్పగించి నన్నేం చూస్తారే?" వ్యానులోంచి మాభేలే అరిచింది. "కొమ్మలున్నాయిగా! ఒంటిమీద దుప్పట్లు లేవూ? కట్టండే!"

పట్టపగలు, సార్జెంటు కళ్లముందే కొమ్మలు పాతారు. ఒక్కొక్కరే దుప్పటి విప్పి పైన వేశారు. నొక్వండా పిల్లను రొమ్ముకు హత్తుకుని లోపలికి దూరింది. మిగతావాళ్లు గుడిసె చుట్టూ నిలబడి తడిశారు.

"ఊపిరి ఆడుతోందా?" బయటినుంచి ఎవరో అడిగారు.

"ఆడుతోంది."

పోలీసులు పారలు పట్టుకుని గుడిసె వైపు నడిచారు. ఆడవాళ్లు ఒకరి చెయ్యి ఒకరు పట్టుకున్నారు.

"ఇంకా ఆడుతోందా?"

"ఆడుతోంది," అంది నొక్వండా. "కదలకండి."