నీటిబుడగ కన్నా ముందు

పొగమంచు. తడిసిన బొచ్చు వాసన.

మొదట్లో నాకున్న పెట్టుబడి నా చెయ్యే. కామవరపుకోట మందల్లో గొర్రె నడుం మీద వేస్తే బరువు చెప్పే చెయ్యి.

లోపలి సంగతి మాత్రం కోశాకే తెలిసేది.

ఒక్కోసారి కార్జంలో నీటిబుడగలు. తెల్లగా, నిండుగా... కొల్లేటి మీద తెల్లారినట్టు. అమ్మకానికి పనికిరావు. ఏలూరులో మా మాంసం కొట్టు ముందున్న కుక్కకు విసిరేవాణ్ణి. మా వ్యాపారంలో అందరూ చేసే పనే.

కుక్క తినేది. మా అమ్మాయి శాలిని కాలేజీ నుంచి వచ్చి ఆ కుక్కనే ఒళ్ళోకి లాక్కునేది.

ఎక్కడి నీళ్ళు ఎక్కడికి చేరాయో...

పోయిన ఏడాది నా భార్య హెప్సిబా కడుపులో బుడగ. కొబ్బరికాయంత అయ్యాకే స్కాన్‌లో కనబడింది. కోసి తీశారు.

గొర్రె కార్జంలో ఉండేదే అన్నారు డాక్టర్లు. బుడగ తిన్న కుక్క పేగులో అది బద్దెపురుగు అవుతుందట. దాని గుడ్లు బొచ్చుకు అంటి, నిమిరిన చేతి మీంచి మన నోటికి చేరతాయట.

కుక్కకు మందు వేయించాను. ఇప్పుడు బుడగల కార్జాన్ని గొయ్యి తీసి పూడుస్తున్నాను. కుక్క పక్కన కూర్చుని చూస్తుంది. దానికి అర్థం కాదు.

ఈ జబ్బు మీద పరిశోధన చేసే ల్యాబ్ నుంచి గీతాంజలి గారని ఒకావిడ వచ్చారు. బుడగ స్కాన్‌కి అందకముందే రక్తంలో దాని జాడ దొరుకుతుందేమోనని వెతుకుతున్నారట. ఇంటిల్లిపాది రక్తం అడిగారు.

"ఒక్క బొట్టు చాలదాండీ?" అన్నాను.

"ఇక్కడ కూడా బేరమేనా నాన్నా?" శాలిని నవ్వి చెయ్యి చాపింది.

ఎర్రగా, సన్నగా, గాజుగొట్టంలోకి...

ఆ తర్వాతి రోజులు కలలా నడిచాయి. పక్షులు కొల్లేటి నీటి మీద దిగేవి. లేచేవి. నీటి అడుగున ఏముందో పైకి తెలిసేది కాదు.

గీతాంజలి గారి ఫోన్ వచ్చింది.

"శాలిని రక్తంలో ఏదో ఉందండీ. అది ఆ జాడో కాదో మాకే ఇంకా రూఢి కాలేదు. ఒకసారి స్కాన్ తీయించండి."

తీయించాం. ఉంది. శనగగింజంత బుడగ.

"కొయ్యాలాండీ?" హెప్సిబా తన కుట్ల మీద చెయ్యి పెట్టుకుని డాక్టరు గారిని అడిగింది.

"ఇంత చిన్నది మాత్రలతో పోవచ్చమ్మా."

"పోతుందాండీ?"

"పోవచ్చు."

శాలిని మాత్ర మింగి మొహం చిట్లించింది. "బేరమాడాల్సింది దీనికి నాన్నా! ఎంత చేదో."

పోవచ్చు — అంత పలుచని మాట మీద నేనెప్పుడూ ఒక్క గొర్రెనీ కొనలేదు. ఇప్పుడు ముగ్గురం దాని మీదే నిద్రపోతున్నాం. దాని మీదే లేస్తున్నాం.

లెక్క తేల్చుకుంటే దక్కింది — కాస్త ముందుగా తెలియడం. దాని మీద కొసరుగా, ఆ ఒక్క మాట...