జిల్లా దాటని కారు

పొద్దున్నే షట్టరు ఎత్తడం, వాకిట్లో నీళ్ళు చల్లడం, అబ్బాకు టీ ఇచ్చి కుర్చీలో కూర్చోబెట్టడం, ఆపైన చేతులకు గ్రీజు పూసుకోవడం. మార్కాపురంలో నస్రీన్ రోజు ఇట్లనే మొదలవుతుంది. నడుం పట్టేసినప్పటినుంచి ముస్తాక్ అహ్మద్ ఆ మెకానిక్ షెడ్డులో చేసే పని ఒక్కటే, కూతురికి సలహాలివ్వడం. అడక్కపోయినా ఇస్తాడు.

ఆ సోమవారం కాశయ్య తన పాత అంబాసిడర్ తోలుకొచ్చినాడు. పెళ్ళి ఊరేగింపులకు బాడుగకు తిరిగే బండి. ఒకప్పుడు ఎవరో రెవెన్యూ ఆఫీసరుది. అప్పట్లో ఈ ఊళ్ళు కర్నూలు జిల్లాలో ఉండేవి. డెబ్భైలో వాటిని తెచ్చి ప్రకాశంలో కలిపితే మనుషులు సర్దుకున్నారు గానీ కారు సర్దుకోలేదు. తర్లుపాడు దాటినాక, పొదిలి దారిలో, పాత జిల్లా హద్దు కల్వర్టు రాగానే గేరు ఊడి న్యూట్రల్లో పడుతుంది. ఇంక అంగుళం కదలదు. ఇది ఊళ్ళో ఎవరికీ వింత కాదు. పొదిలి పిల్లను చేసుకునేవాళ్ళు వేరే కారు మాట్లాడుకుంటారు, అంతే.

"రెండో గేరు వేస్తే కరకరమంటాంది పాపా. దాని మొండితనమే, తెలుసు గదా."

"మొండితనం హద్దుకాడ గదా మామా? బజార్లో గూడా కరకరమంటే అది రోగం," అంది నస్రీన్.

ఇన్నేళ్ళూ జరిగిన తప్పు అదే. బండికి ఏమొచ్చినా జిల్లా మీదికి తోసేసి, ఒక్కరూ గేరుబాక్సు విప్పలేదు.

సరిగ్గా అప్పుడే ఒంగోలు నుంచి అన్న నయీమ్ దిగినాడు. దుకాణం లీజు అతని పేరు మీదుంది.

"ఒంగోలు కార్ల షోరూములో నీకు కౌంటరు ఉద్యోగం మాట్లాడినా నస్రీ. ఫ్యాను కింద కుర్చీ. ఆడపిల్ల గేరుబాక్సులు ఎత్తడమేంది, నలుగురూ నవ్వుతున్నారు."

"నవ్వేవాళ్ళ బండ్లు గూడా ఈడికే వస్తాయి భాయ్. నవ్వడం అయిపోయినాక రేటు తగ్గించమంటారు."

నయీమ్‌కు కోపమొచ్చింది. "అంత గొప్పదానివైతే ఈ కారును పొదిలి చేర్చు. చేరితే దుకాణం నీ పేరున రాసిస్తా. చేరకపోతే శనివారం షట్టరు దించి నాతో బస్సెక్కు."

"అది కాదని వీధిలో కుక్కకు గూడా తెలుసు గదరా," అన్నాడు ముస్తాక్.

"సరే," అంది నస్రీన్.

గేరుబాక్సు దించి ఆయిలు వదిలితే ఆముదం కారింది.

"పెళ్ళిళ్ళ బండి గదా పాపా, చలవకని పోసినా," అన్నాడు కాశయ్య సిగ్గుపడుతూ.

"ఇంకా నయం, సాంబ్రాణి వెయ్యలేదు."

రెండో గేరు ఇత్తడి రింగు అరిగి నున్నగా అయింది. గేరును జరిపే ఫోర్కు వంగింది. గేరును పట్టి ఉంచే గోళీ వెనక స్ప్రింగు చచ్చిపోయింది. రింగు కోసం గిద్దలూరు పాత ఇనుప దుకాణాలన్నీ తిరిగింది, ఫోర్కు సాపు చేసింది, బేరింగులూ స్ప్రింగూ కొత్తవి వేసింది.

"వాషరు మర్చిపోయినావ్," అరిచినాడు ముస్తాక్.

"అది నీ టీ గ్లాసు మూత అబ్బా."

శుక్రవారానికి బజారంతా తిప్పితే నాలుగు గేర్లూ కిక్కురుమనకుండా పడినాయి. శనివారం కాశయ్యను పక్కన కూర్చోబెట్టుకుని బయల్దేరింది. కల్వర్టు రాగానే గేరు టక్కున ఊడింది. మళ్ళీ వేసింది. మళ్ళీ ఊడింది. రోగం పోయింది, మొండితనం మిగిలింది.

కల్వర్టు అవతల ఎవరిదో మోటారుసైకిలు అడిగి తెచ్చుకుని నయీమ్ కాచుకుని ఉన్నాడు. "పదకొండింటికి బస్సు!"

నస్రీన్ స్టీరింగు కేసి చూసింది. ఎందుకో ముద్దొచ్చింది. తనకు నచ్చని ఊరికి పోనంటున్న వాళ్ళు ఆ రోడ్డు మీద ఇద్దరున్నారు.

దిగి, కాశయ్యతో కలిసి తోసి కారు మూతిని మార్కాపురం వైపు తిప్పింది. ఎక్కి రివర్సు వేసింది. ఆ గేరును ఎవరూ వాడిన పాపాన పోలేదు. ఆఫీసరు బండి వెనక్కి పోవడమేంది, ఎదుటివాళ్ళే పోయేవాళ్ళు. కర్నూలు కేసి చూస్తున్నంతసేపూ తను ఎటు పోతున్నదీ కారుకు పట్టలేదు. మెల్లగా, మర్యాదగా, కల్వర్టు దాటింది.

"ఇదేం దాటడం! మూతి అటుంది!"

"మూతి సంగతి పందెంలో లేదు భాయ్!"

మెడ వెనక్కి తిప్పి ఆమె, వెంట మోటారుసైకిలు మీద అతను. రివర్సులో పోయే కారు వెంటపడితే తోలేవాళ్ళు ఎదురుగానే కనపడతారు. గొర్రెలు దారిచ్చినాయి, బస్సులోళ్ళు ఈలలేసినారు. మెడ నొప్పి పుట్టి నస్రీన్ ఇటు తిరిగినప్పుడల్లా ముందు అద్దంలోంచి అన్నకు నాలుక చూపించింది. అయిదు మైళ్ళు మూతి ముడుచుకునే ఉన్నాడు. ఆరో మైలుకాడ నవ్వు ఆపుకోలేక బండి పక్కకు ఆపేసుకున్నాడు.

పొదిలి సెంటర్లో కారు ఆగేసరికి షోరూము నుంచి ఫోను. వెనకే వచ్చి చేరిన నయీమ్ కాసేపు మోగనిచ్చి ఎత్తినాడు.

"మా చెల్లెలు రాదు సార్. దానికి సొంత దుకాణముంది. మీకాడ ఎవరికీ లొంగని బండ్లుంటే చెప్పండి, మార్కాపురం పంపిద్దాం."